మిరప పొడి, వేరుశనగలో అఫ్లాటాక్సిన్ ఎలైజా: స్టాండర్డ్ కర్వ్ లేవడం లేదు, తప్పు ఎక్కడ?

ఘాటు_ల్యాబ్

అందరికీ నమస్కారం. ఎండుమిర్చి, వేరుశనగ నమూనాల్లో అఫ్లాటాక్సిన్ బి1 (బూజు తయారు చేసే విషం) కోసం పోటీ పద్ధతి ఎలైజా (యాంటీబాడీతో పట్టి రంగుతో కొలిచే పరీక్ష) నడుపుతున్నాం. ప్లేటు వివరాలు ఇవి.

కోటింగ్‌కి అఫ్లాటాక్సిన్-బీఎస్‌ఏ కాంజుగేట్ (బీఎస్‌ఏ అనే ప్రొటీన్‌కి అంటించిన టాక్సిన్), మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు, కార్బనేట్ బఫర్ పీహెచ్ 9.6లో, ప్లేటులోని ఒక్కో గుంటకి (వెల్‌కి) 150 మైక్రోలీటర్లు, రాత్రంతా ఫ్రిజ్‌లో. బ్లాకింగ్ 0.2 శాతం బీఎస్‌ఏతో 37 డిగ్రీల దగ్గర గంట. ఆ తర్వాత స్టాండర్డ్ 100 మైక్రోలీటర్లు (మిల్లీలీటరుకు 25 నుంచి 0.1 నానోగ్రాముల దాకా), దాని మీద టాక్సిన్ యాంటీబాడీలున్న కుందేలు సీరం 50 మైక్రోలీటర్లు. సీరాన్ని పీబీఎస్-ట్వీన్‌లో పలుచన చేశాం. తర్వాత సెకండరీ, అంటే కుందేలు యాంటీబాడీని పట్టుకునే మేక యాంటీ-రాబిట్ ఐజీజీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్ తగిలించింది. చివర పీఎన్‌పీపీ (ఆ ఎంజైమ్ విడగొడితే పసుపు పచ్చ రంగునిచ్చే సబ్‌స్ట్రేట్). వాష్‌లన్నీ పీబీఎస్-ట్వీన్‌తోనే, మూడేసి సార్లు.

గంట తర్వాత 405 నానోమీటర్ల దగ్గర రీడింగ్: టాక్సిన్ లేని వెల్ 0.62, 25 నానోగ్రాముల వెల్ 0.41, బ్లాంక్ 0.08. పైనుంచి కిందికి తేడా 0.21 మాత్రమే. దీని మీద ఏ నమూనా విలువా చదవలేం. ఇంకో గంట ఆగితే కర్వ్ లేస్తుందా?

కైనెటిక్స్_వైజాగ్

ఆగినా లాభం లేదండి. లెక్క చూడండి. బ్లాంక్ తీసేస్తే టాక్సిన్ లేని వెల్ 0.54, ఎక్కువ టాక్సిన్ ఉన్న వెల్ 0.33. అంటే 61 శాతం. గంట కాదు రెండు గంటలు ఆగితే రెండూ ఇంచుమించు రెట్టింపవుతాయి, ఆ 61 మాత్రం 61గానే ఉంటుంది.

ఎందుకంటే మీ సబ్‌స్ట్రేట్ ఇంకా ఖర్చయిపోలేదు. పీఎన్‌పీపీ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము అంటే సుమారు 2.7 మిల్లీమోలార్. పారానైట్రోఫినాల్ మోలార్ శోషణ గుణకం 405 దగ్గర సుమారు 18,000. వెల్‌లో 150 మైక్రోలీటర్ల ద్రవం ఎత్తు అర సెంటీమీటరుకు కాస్త తక్కువ. వీటితో కడితే ఓడీ (రంగు రీడింగ్) 1.0 అంటే సుమారు 0.12 మిల్లీమోలార్ రంగు, అంటే సబ్‌స్ట్రేట్‌లో 5 శాతం లోపే ఖర్చయింది. ఎంజైమ్ ఇంకా తొలి వేగంలోనే నడుస్తోంది. ఈ దశలో రంగు కాలంతో పాటు నేరుగా పెరుగుతుంది, నిష్పత్తి మారదు.

కాబట్టి మీవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకటి, మొత్తం రంగు తక్కువ. రెండు, అడుగు మట్టం, అంటే టాక్సిన్ ఎంతున్నా పోకుండా మిగిలే రంగు ఎక్కువ. రెండోదే పెద్దది. దాన్ని ఇమ్యునాలజీ వాళ్లు చూడాలి. మొదటిదాని గురించి తర్వాత రాస్తాను.

ఇమ్యునో_ఓరుగల్లు

ఆ 61 శాతం ఎవరిదో మీ పోస్టులోనే ఉంది: "సీరాన్ని పీబీఎస్-ట్వీన్‌లో పలుచన చేశాం."

అఫ్లాటాక్సిన్ బి1 అణుభారం 312. ఇంత చిన్న అణువును ఒంటరిగా ఎక్కిస్తే కుందేలు శరీరం దాన్ని అసలు పట్టించుకోదు. యాంటీబాడీ దాన్ని పట్టుకోగలదు, కానీ ఆ అణువు తనంతట తాను యాంటీబాడీని పుట్టించలేదు. ఇలాంటివే హాప్టెన్లు. అందుకే ఒక పెద్ద ప్రొటీన్‌కి అంటించి ఎక్కిస్తారు, ఎక్కువగా ఆవు సీరం ఆల్బుమిన్, అంటే బీఎస్‌ఏ. ఇక్కడే మెలిక. కుందేలు టాక్సిన్‌కి యాంటీబాడీలు తయారు చేస్తుంది, దాన్ని మోసిన బీఎస్‌ఏకీ తయారు చేస్తుంది. రెండో రకమే చాలాసార్లు ఎక్కువ.

మీ ప్లేటు అడుగున ఏముంది? అఫ్లాటాక్సిన్-బీఎస్‌ఏ. బ్లాకింగ్‌కి ఏం వాడారు? మళ్లీ బీఎస్‌ఏ. బీఎస్‌ఏని వెతికే యాంటీబాడీలకు అది పరిచిన విస్తరి. నమూనాలో టాక్సిన్ ఎంత ఉన్నా వాటిని అక్కడి నుంచి లేపలేదు, ఎందుకంటే అవి పట్టుకున్నది టాక్సిన్‌ని కాదు. అడుగు మట్టం అక్కడి నుంచే వస్తోంది.

మందు తేలిక. సీరాన్ని పలుచన చేసే బఫర్‌లోనే 0.2 శాతం బీఎస్‌ఏ కలపండి. కలిపిన వెంటనే వెల్‌లో పోయకండి, 37 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచండి. బీఎస్‌ఏ యాంటీబాడీలు ట్యూబులోనే బీఎస్‌ఏతో నిండిపోతాయి, ప్లేటు దగ్గరికి టాక్సిన్‌ని వెతికేవే మిగులుతాయి.

అనుమానం తీరాలంటే ముందు ఈ పరీక్ష చేయండి. నాలుగు వెల్స్‌లో కాంజుగేట్ లేకుండా ఉత్త బీఎస్‌ఏతో కోటింగ్ వేయండి. రెండింటికి ఇప్పటి సీరం, రెండింటికి బీఎస్‌ఏతో నానబెట్టిన సీరం. మొదటి రెండు పచ్చబడి, తర్వాతి రెండు బ్లాంక్‌లా ఉంటే తప్పు దొరికినట్టే. పక్కనే సీరం లేకుండా సెకండరీ మాత్రమే పోసిన రెండు వెల్స్ కూడా పెట్టండి. అవి పచ్చబడితే కథ వేరు, అప్పుడు సెకండరీ మరీ చిక్కగా ఉన్నట్టు.

ఎమ్మెస్సీ_మొదటేడు

మేడమ్, చిన్న సందేహం. టాక్సిన్ ఎక్కువైతే రంగు తగ్గడం ఏమిటి? మా ప్రాక్టికల్స్‌లో చేసిన ఎలైజాలో యాంటిజెన్ ఎక్కువైతే రంగు ఎక్కువైంది.

ఇమ్యునో_ఓరుగల్లు

మీరు చేసింది శాండ్‌విచ్ అయి ఉంటుంది. అందులో అడుగున ఒక యాంటీబాడీ, పైన ఇంకో యాంటీబాడీ, మధ్యలో యాంటిజెన్. యాంటిజెన్‌కి రెండు వేర్వేరు చోట్ల పట్టు దొరికితేనే అది కుదురుతుంది. 312 అణుభారం ఉన్న దాని మీద 150 వేల అణుభారం ఉన్న ఐజీజీ ఒకటి కూర్చుందంటే రెండోదానికి చోటు ఉండదు. అందుకే చిన్న అణువులకు పోటీ పద్ధతి.

కుర్చీలాట గుర్తు తెచ్చుకోండి. యాంటీబాడీలు లెక్కపెట్టి పోస్తాం. అవి ప్లేటుకు అంటుకున్న టాక్సిన్‌నైనా పట్టుకోవాలి, ద్రవంలో తేలుతున్న టాక్సిన్‌నైనా పట్టుకోవాలి. ద్రవంలోదాన్ని పట్టుకున్నవి వాష్‌లో కాలువలోకి పోతాయి. ప్లేటు మీద మిగిలిన వాటికే సెకండరీ అంటుకుంటుంది, రంగు వస్తుంది. నమూనాలో టాక్సిన్ ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ యాంటీబాడీ వాష్‌లో పోతుంది.

దీని నుంచే ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి, మిరపకి బాగా పనికొస్తుంది: ఈ పద్ధతిలో యాంటీబాడీ పనిని *ఏది* చెడగొట్టినా అది టాక్సిన్ లాగే కనిపిస్తుంది. మిథనాల్ ఎక్కువైనా, పీహెచ్ తప్పినా, మిరపలోని జిగురు పదార్థాలు అడ్డం పడినా రంగు తగ్గుతుంది. మంచి సరుకు చెడ్డదిగా తేలుతుంది.

కైనెటిక్స్_వైజాగ్

ఇప్పుడు రంగు తక్కువ సంగతి. మీరు చివరి వాష్ కూడా పీబీఎస్-ట్వీన్‌తో చేశారు. పీబీఎస్‌లో ఉన్నది ఫాస్ఫేట్. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చేసే పని ఫాస్ఫేట్‌ని విడగొట్టడం. తను విడగొట్టిన ఫాస్ఫేటే దాని క్రియాశీల స్థానంలో కూర్చుని సబ్‌స్ట్రేట్‌కి చోటివ్వదు. పుస్తకాల్లో పోటీ నిరోధకం అని చదివేది ఇదే. వెల్‌లో 5 మైక్రోలీటర్ల పీబీఎస్ మిగిలినా, దాని మీద 150 మైక్రోలీటర్ల సబ్‌స్ట్రేట్ పడ్డాక 0.3 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ ఉంటుంది. పైగా అన్ని వెల్స్‌లోనూ ఒకేలా మిగలదు, అందుకే జంట వెల్స్ కలవవు. చివరి రెండు వాష్‌లు ట్రిస్ సెలైన్-ట్వీన్‌తో చేయండి: ట్రిస్ 20 మిల్లీమోలార్, ఉప్పు 150 మిల్లీమోలార్, పీహెచ్ 7.5, ట్వీన్ 0.05 శాతం. తర్వాత ప్లేటు బోర్లించి టిష్యూ మడత మీద గట్టిగా కొట్టండి.

ఇంకా చూడాల్సినవి. సబ్‌స్ట్రేట్ బఫర్ డైఇథనాలమీన్ 10 శాతం, పీహెచ్ 9.8 ఉందా? దాన్ని ఊరికే ఎంచుకోలేదు, విడిపోయిన ఫాస్ఫేట్‌ని అది తీసుకుంటుంది, చర్య వేగం పెరుగుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ 0.5 మిల్లీమోలార్ ఉండాలి. ఈ ఎంజైమ్ లోపల జింక్ ఉంటుంది, కాబట్టి ఏ బఫర్‌లోనూ లోహాలను లాగేసే ఈడీటీఏ కలవకూడదు. సబ్‌స్ట్రేట్ ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే పోస్తే మొదటి పావుగంట వృథా. పీఎన్‌పీపీ పోయకముందే పచ్చగా ఉందంటే తనంతట తాను విరిగిపోయింది, పారేయండి.

ఎంజైమ్ బతికే ఉందా అన్నది రెండు నిమిషాల్లో తేలుతుంది. వాడబోయే పలుచనలో ఉన్న ఎంజైమ్ తగిలించిన సెకండరీ 10 మైక్రోలీటర్లు 150 మైక్రోలీటర్ల సబ్‌స్ట్రేట్‌లో వేయండి. పచ్చబడితే ఎంజైమ్ బాగానే ఉంది, తప్పు ముందు దశల్లో ఉంది.

పిపెట్‌పట్టు

పైవి చెప్పేశారు కాబట్టి చేతి పని గురించి మాత్రం.

కార్బనేట్ బఫర్ లీటరుకు సోడియం కార్బనేట్ 1.59 గ్రాములు, బైకార్బనేట్ 2.93 గ్రాములు. నెలల తరబడి ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి పీహెచ్ జారుతుంది. రెండు వారాలకోసారి కొత్తది కలపండి.

స్టాండర్డ్, సీరం పోసే వేగం ముఖ్యం. 96 వెల్స్‌కి ఒక్కో చుక్కా సింగిల్ పిపెట్‌తో పోస్తే మొదటి వరుసకీ చివరి వరుసకీ పదిహేను నిమిషాల తేడా వస్తుంది. స్టాండర్డ్‌లు, నమూనాలు ముందు ఇంకో ప్లేటులో సిద్ధం చేసుకుని మల్టీచానెల్‌తో ఒక్కసారిగా దించండి. అంచు వెల్స్ తొందరగా వేడెక్కుతాయి, ఆవిరవుతాయి, అక్కడ నమూనా పెట్టకండి, బఫర్ పోయండి. ఇంక్యుబేటర్లో ప్లేటు మీద ప్లేటు పేర్చకండి.

ఘాటు_ల్యాబ్

ఫలితాలు వచ్చాయి. ఉత్త బీఎస్‌ఏ వెల్స్: పాత సీరంతో 0.35, బీఎస్‌ఏతో నానబెట్టిన సీరంతో 0.09. సెకండరీ మాత్రమే పోసినవి 0.08. తప్పు అక్కడే ఉంది.

కొత్త ప్లేటు, చివరి వాష్‌లు ట్రిస్‌తో: టాక్సిన్ లేని వెల్ 1.45, 25 నానోగ్రాములు 0.13, బ్లాంక్ 0.07. కర్వ్ చక్కగా దిగింది. అందరికీ కృతజ్ఞతలు.

ఒక మిరప పొడి నమూనా ఓడీ 0.72. 20 గ్రాముల పొడి, 100 మిల్లీలీటర్ల 70 శాతం మిథనాల్ (0.5 శాతం పొటాషియం క్లోరైడ్‌తో), అరగంట షేకర్, వడపోత, ఆపై పదింతలు పలుచన. కర్వ్ మీద 1.2 నానోగ్రాములు చూపిస్తోంది. రిపోర్టులో ఏం రాయాలి?

కైనెటిక్స్_వైజాగ్

ముందు శాతం: 0.65ని 1.38తో భాగిస్తే 47. కర్వ్ మధ్యలో పడింది, నమ్మదగిన చోటు. 20 శాతానికి కింద, 80కి పైన పడిన వాటిని చదవకండి. కింద పడితే ఇంకా పలుచన చేసి మళ్లీ నడపండి.

తర్వాత: 1.2 × 10 × 100 ÷ 20 = 60. కిలోకు 60 మైక్రోగ్రాములు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) సుగంధ ద్రవ్యాలకు బి1 పరిమితి 15, మొత్తం అఫ్లాటాక్సిన్లకు 30. యూరప్‌లో బి1కి 5, మొత్తానికి 10. ఎటు చూసినా దాటింది.

ఇమ్యునో_ఓరుగల్లు

రాసే ముందు ఆగండి. ఆ స్టాండర్డ్‌లు దేంట్లో పలుచన చేశారు?

ఘాటు_ల్యాబ్

ఉత్త బఫర్‌లో, 7 శాతం మిథనాల్ కలిపి.

ఇమ్యునో_ఓరుగల్లు

మిథనాల్ సరిపోల్చారు, మంచిది. మిరపని సరిపోల్చలేదు. నమూనా ఎరుపు వాష్‌లో పోతుంది, దాని గురించి బెంగ లేదు. కానీ సీరం కలిసి ఉన్న ఆ గంటలో మిరపలోని ఫినాలిక్ పదార్థాలు, జిగురు యాంటీబాడీకి అడ్డం పడతాయి. ఇందాక చెప్పినట్టు అది టాక్సిన్‌గా లెక్కలోకి వస్తుంది.

టాక్సిన్ లేదని వేరే పద్ధతిలో తేలిన మిరప పొడి నుంచి ఇదే విధంగా మిథనాల్‌తో ద్రవం తీసి, దాన్ని పదింతలు పలుచన చేసి, అందులో స్టాండర్డ్‌లు కలపండి. వేరుశనగకి వేరుశనగ ద్రవం. ఒక్క కర్వ్‌తో రెండు సరుకులూ చదవకూడదు.

దాంతో పాటు రికవరీ, అంటే కలిపిన టాక్సిన్‌లో ఎంత తిరిగి దొరుకుతుందో చూడాలి. 20 గ్రాముల శుభ్రమైన పొడికి కిలోకు 20 మైక్రోగ్రాముల లెక్కన టాక్సిన్ కలపాలంటే 400 నానోగ్రాములు కావాలి, అంటే మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము ఉన్న ద్రావణం 0.4 మిల్లీలీటర్లు. పొడి అంతటా చుక్కలుగా వేసి, ఫ్యూమ్ హుడ్‌లో ద్రావకం ఆరనిచ్చి, అప్పుడు మిథనాల్‌తో ద్రవం తీయండి. 70 నుంచి 110 శాతం మధ్య తిరిగి వస్తే సరే. 140 వచ్చిందంటే మిరప అడ్డం పడుతోంది.

యూరప్ 5 మైక్రోగ్రాముల పరిమితికి ఈ కర్వ్ చాలదు. మీ గుణకం 50, అంటే వెల్‌లో 0.1 నానోగ్రాము, కర్వ్ చివరి అంచు. ఎగుమతి సరుకుకి ఇమ్యునోఅఫినిటీ కాలమ్ వేసి హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో) చూడాలి. కాలమ్‌లో ఉన్నదీ యాంటీబాడీయే. పలుచన ద్రవాన్ని సెకనుకు ఒకటి రెండు చుక్కల వేగంతో పంపితే టాక్సిన్ అంటుకుంటుంది, తర్వాత నీటితో కడిగి స్వచ్ఛమైన మిథనాల్ పోస్తే యాంటీబాడీ రూపం చెడి టాక్సిన్‌ని వదిలేస్తుంది. మిథనాల్ పోశాక నిమిషం ఆపండి. తొందరపడితే టాక్సిన్ కాలమ్‌లోనే ఉండిపోతుంది.

ఘాటు_ల్యాబ్

మిరప ద్రవంలో స్టాండర్డ్‌లు కలిపి మళ్లీ నడిపాం. అదే నమూనా ఇప్పుడు 0.8, అంటే కిలోకు 40. అయినా బి1 పరిమితిని దాటింది. రికవరీ 96 శాతం. ఒకే లాట్ నుంచి ఇంకో సంచి తీసి చేస్తే 12 వచ్చింది. ఇప్పుడేది నిజం?

నేలజీవి

రెండూ నిజమే. తేడా ప్లేటులో లేదు, బస్తాల్లో ఉంది.

ఈ టాక్సిన్ చేసే ఫంగస్ *ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్* అన్ని కాయల్లోనూ సమానంగా పెరగదు. కల్లంలో తడిసిన ఒక మూల, పురుగు తొలిచిన కొన్ని కాయలు, ఏరకుండా వదిలిన తాలు. వేరుశనగలో ఇది ఇంకా ఘోరం. ఒక్క గింజలో కిలోకు 10 లక్షల మైక్రోగ్రాములకు పైబడిన గాఢత కొలిచిన దాఖలాలు ఉన్నాయి. అర గ్రాము గింజలో 500 మైక్రోగ్రాములు! ఆ ఒక్కటి 10 కిలోల మంచి గింజల్లో కలిస్తే మొత్తం కిలోకు 50 అవుతుంది. మీరు తీసిన 20 గ్రాముల్లో అది పడిందా లేదా అన్నదే మీ ఫలితం.

యూరప్ నియమాల్లో పెద్ద లాట్ వేరుశనగకి వంద చోట్ల నుంచి చిన్న చిన్న భాగాలు తీసి 20 కిలోల నమూనా చేస్తారు. మీరు అంత చేయలేకపోయినా, పై బస్తాల మూతుల దగ్గర మాత్రం తీయకండి. అడుగు వరుస, గోడ పక్క వరుస, మధ్య వరుస, ప్రతి చోటా బస్తా లోతుకు గొట్టం గుచ్చి తీయండి. కలిపిన *మొత్తాన్నీ* పొడి చేశాకే 20 గ్రాములు తూచండి. ముందు గుప్పెడు తీసి తర్వాత పొడి చేస్తే మొదటికే మోసం. వేరుశనగ పొడి చేసేటప్పుడు నూనె దిగి ముద్ద కడుతుంది, ఆగి ఆగి తిప్పండి లేదా నీళ్లు కలిపి జారుగా రుబ్బండి (ఆ నీటిని లెక్కలో కలుపుకోండి).

ఎమ్మెస్సీ_మొదటేడు

పొలంలోనే ఆపే మార్గం లేదా సార్? టాక్సిన్ చేయని ఫంగస్‌ని వదిలే పద్ధతి ఉందని సిలబస్‌లో ఉంది.

నేలజీవి

ఉంది. పర్యావరణ బయోటెక్నాలజీలో నాకు బాగా నచ్చిన పని అది. ఒకే జాతి, టాక్సిన్ చేసే జన్యువులు చెడిన తెగ. అమెరికాలో పత్తికి వాడిన ఏఎఫ్36 తెగలో, టాక్సిన్ తయారీకి కావాల్సిన పాలీకీటైడ్ సింథేస్ జన్యువులో ఒక్క అక్షరం మారి ప్రొటీన్ మధ్యలోనే ఆగిపోతుంది. వేరుశనగకి వాడే అఫ్లా-గార్డ్ తెగలో ఆ జన్యువుల గుంపు మొత్తమే లేదు. ఆఫ్రికాలో అఫ్లాసేఫ్ పేరుతో వేడిచేసి చంపిన జొన్న గింజలకు బీజాలు పట్టించి హెక్టారుకు 10 కిలోలు చల్లుతారు. తేమ తగిలితే జొన్న మీద ఫంగస్ పెరిగి, చెడ్డ తెగ కంటే ముందే చోటు ఆక్రమిస్తుంది. నేల ఎండిపోయి ఉన్నప్పుడు చల్లితే చీమలకూ పక్షులకూ మేత అవుతుంది, అంతే.

ఇమ్యునో_ఓరుగల్లు

ఒక అభ్యంతరం. ఈ ఫంగస్‌కి లైంగిక దశ ఉందని 2009లో తేలింది. వదిలిన తెగ స్థానిక తెగతో కలిసి జన్యువులు మార్చుకోదని ఎలా చెప్తాం? ఏఎఫ్36 అఫ్లాటాక్సిన్ చేయదు సరే, సైక్లోపియాజోనిక్ ఆమ్లం అనే ఇంకో విషం చేస్తుంది కదా.

నేలజీవి

రెండూ సరైన ప్రశ్నలే. అందుకే జన్యువుల గుంపు మొత్తం పోయిన తెగ, ఒక్క అక్షరం మారిన తెగ కంటే మేలు. అది సైక్లోపియాజోనిక్ ఆమ్లం కూడా చేయదు. ఇంకొకటి, పరాయి నేల తెగని తెచ్చి అనంతపురం ఎర్రనేలలో చల్లకూడదు. ఆఫ్రికాలో కూడా ఆయా దేశాల నేలల్లో దొరికిన తెగలనే ఎంచారు. ఇక్కడా ఇక్కడి తెగలే వెతకాలి.

ఈలోగా రైతు చేతిలో ఉన్నవి తక్కువేం కాదు. పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం. కాయ ముదిరే చివరి నెలలో బెట్ట తగలకుండా వీలుంటే ఒక్క తడి, ఎందుకంటే వేడి నేల, ఎండిన కాయ ఈ ఫంగస్‌కి అన్నిటికంటే ఇష్టం. పీకాక చెట్లను తలకిందులుగా, కాయలు పైకి ఉండేలా వేయాలి. గింజ తేమ 8 శాతం లోపుకు దిగాకే బస్తాకెత్తాలి. మిరప అయితే నేల మీద కాకుండా పట్టా మీద, మంచు పడకముందే సాయంత్రం కప్పాలి, తాలు ఏరి విడిగా ఉంచాలి, దాన్ని కారంలో కలపకూడదు.

పిపెట్‌పట్టు

భద్రత గురించి ఎవరూ అనలేదు. పొడి రూపంలో ఉన్న స్టాండర్డ్‌ని తూచకండి, స్థిర విద్యుత్‌తో గాలిలోకి లేస్తుంది. సీసాలోకే ద్రావకం పంపి కరిగించండి. కాలేయంలో ఇది ఎపాక్సైడ్‌గా మారి డీఎన్‌ఏలోని గ్వానిన్‌కి అంటుకుంటుంది, కేన్సర్ కారకాల మొదటి వర్గంలో ఉన్నది. పొడి చేసే చోట మాస్కు, చేతులకు నైట్రైల్ గ్లోవ్స్. వాడిన ప్లేట్లు, టిప్స్, గాజు సామాను బ్లీచ్ ద్రావణంలో రాత్రంతా ముంచి ఉంచాకే బయటికి.

ఘాటు_ల్యాబ్

చివరి ప్రశ్న. 60 వచ్చిన వేరుశనగ లాట్ ఒకటి ఉంది. "తినడానికి పనికిరాకపోతే గానుగకి పంపి చెక్క పశువులకి వేస్తాం" అంటున్నారు. వేయించితే పోతుందని కూడా అంటున్నారు.

కైనెటిక్స్_వైజాగ్

వేయించితే కొంత తగ్గుతుంది కానీ పోదు. బి1 కరిగి విరిగేది 260 డిగ్రీలు దాటాక.

చెక్క సంగతి కట్టి చూద్దాం. 100 కిలోల గింజల్లో 6,000 మైక్రోగ్రాములు. 40 కిలోల నూనె దిగితే 60 కిలోల చెక్క మిగులుతుంది. టాక్సిన్‌లో ఎక్కువ భాగం చెక్కలోనే ఉంటుంది, అంతా అక్కడే ఉందనుకుంటే కిలోకు 100. గేదె రోజుకి 2 కిలోల చెక్క తింటే 200 మైక్రోగ్రాములు. కాలేయం అందులో కొంత ఎం1గా (బి1 నుంచి పుట్టే ఇంకో అఫ్లాటాక్సిన్‌గా) మార్చి పాలలోకి పంపుతుంది, 2 శాతం అనుకుందాం, 4 మైక్రోగ్రాములు. 8 లీటర్ల పాలలో లీటరుకు 0.5. పాలలో ఎం1కి ఎఫ్ఎస్ఎస్ఏఐ పరిమితి సరిగ్గా అదే. యూరప్ పరిమితి 0.05, దానికి పదింతలు. గానుగ నూనె శుద్ధి చేయకుండా వాడితే అందులోనూ కొంత ఉంటుంది.

నేలజీవి

ఆ లాట్‌ని యంత్రంతో గానీ చేత్తో గానీ ఏరించండి. ముడతలు పడినవి, రంగు మారినవి, పగిలినవి తీసేస్తే టాక్సిన్‌లో అధిక భాగం వాటితోనే పోతుంది. మిగిలినదాన్ని మళ్లీ పరీక్షకి పంపండి. ఏరి పారేసింది మాత్రం గానుగకీ వద్దు, దొడ్డికీ వద్దు. ఇప్పటికే ఆ చెక్క తిన్న గేదెలుంటే ఈరోజే ఆపమనండి. మేత మార్చిన మూడు నాలుగు రోజుల్లో పాలలో ఎం1 దిగిపోతుంది.